థంబ్ మిషన్ ఊరికే ఊడిపోతుంటే మేం ఏం చేశామంటే

కంప్యూటర్‌కి ఏదైనా తగిలిస్తే ఒక చిన్న శబ్దం వస్తుంది, తీసేస్తే ఇంకో శబ్దం వస్తుంది. తగిలించినప్పటిది పైకి లేస్తుంది, తీసినప్పటిది కిందికి దిగుతుంది. పోయిన నవంబర్‌లో కొత్తగూడెంలోని మా అన్న నెట్ సెంటర్‌లో పొద్దున షట్టర్ ఎత్తిన దగ్గర్నుంచి రాత్రి దించేదాకా ఈ రెండు శబ్దాలూ ఒకదాని వెంట ఒకటి వస్తూనే ఉన్నాయి. ఎవరూ ఏమీ తగిలించట్లేదు, ఎవరూ ఏమీ తీయట్లేదు.

నవంబర్ అంటే మా ఊళ్లో పింఛనుదారుల నెల. సింగరేణిలో రిటైరైన వాళ్లు, వాళ్లు లేకపోతే వాళ్ల భార్యలు, బతికే ఉన్నామని ఏటా ఒకసారి చూపించాలి. దాన్నే లైఫ్ సర్టిఫికెట్ అంటాం. ఇదివరకు కాగితం పట్టుకుని బ్యాంకుకి పోయేవాళ్లు. 2014 నవంబర్ 10న జీవన్ ప్రమాణ్ మొదలయ్యాక ఆధార్ నంబరు చెప్పి థంబ్ పెడితే సరిపోతుంది. సరిపోవాలి. పోయిన నవంబర్‌లో ఒక రోజు నేను సెలవు పెట్టి ఇంటికి వెళ్లి అన్న పక్కన స్టూల్ మీద కూర్చుని ఉన్నాను. ఒక తాత ఏడుసార్లు బొటనవేలు పెట్టాడు. పెట్టిన ప్రతిసారీ మిషన్‌లో ఎర్రగా వెలగడం, ఆ దిగే శబ్దం రావడం, వెలుగు ఆరిపోవడం, మూడు నాలుగు సెకన్లకి మళ్లీ లేచే శబ్దం. తాత చెయ్యి వెనక్కి తీసుకుని చూసుకుని, "బొగ్గు ఎత్తే తట్టా చెమ్మస్ పట్టిన చేతులు బిడ్డా, అరిగిపోయినయి, అందుకే పడ్తలేదు" అన్నాడు. వెనక బెంచీ మీద ఇంకో తొమ్మిది మంది. ఒకామె తన వంతు రాకముందే వేళ్లని కొంగుతో తుడుచుకుంటోంది.

నేను ఈ పోస్ట్ రాస్తున్నది ఆ మాట కోసమే. స్క్రీన్ మీద వచ్చిన ఎర్రర్‌కీ ఆయన వేలికీ సంబంధమే లేదు. అక్కడున్నది 720, అంటే మిషన్ సిద్ధంగా లేదు అని. ఆధార్ వేలిముద్రల పని చేసేవాళ్లు ఈ నంబర్లు ఒక కాగితం మీద రాసి గోడకి అంటించుకుంటే మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే తప్పు ఎవరిదో అవే చెప్పేస్తాయి. 300 వస్తే ముద్ర ఆధార్ దాకా వెళ్లింది, కానీ అక్కడ ఉన్నదానితో కలవలేదు, అప్పుడే వేలి గురించి మాట్లాడాలి. 700 అంటే టైం అయిపోయింది, వేలు సరిగ్గా ఆనలేదేమో, ఆలస్యంగా పెట్టారేమో. 710 అంటే ఆ మిషన్‌ని వేరే ప్రోగ్రామ్ ఏదో పట్టుకుని కూర్చుంది. 740 అంటే మిషన్‌ని మళ్లీ మొదటి నుంచి సిద్ధం చేయాలి. 720, 740 వస్తే పెద్దవాళ్ల వేళ్ల జోలికి పోవద్దు, కంప్యూటర్ వైపు చూడండి. నలభై ఏళ్లు బొగ్గుబాయిలోకి దిగి పనిచేసిన మనిషి, ఒక వైరు లోపానికి తన చేతులని తప్పు పట్టుకుంటుంటే చూస్తూ ఊరుకోలేకపోయాను.

అన్న అప్పటికే చాలా చేశాడు. రెండో థంబ్ మిషన్ కొన్నాడు, అది కూడా ఊడిపోయింది. థంబ్ మిషన్‌ని నడిపే ఆర్‌డీ సర్వీస్ అనే ప్రోగ్రామ్ తీసేసి మళ్లీ వేశాడు. ఎవరో చెబితే విండోస్ మొత్తం కొత్తగా ఎక్కించాడు, ఒక పూట షాపు మూసుకుని. డ్రైవర్లన్నీ అప్‌డేట్ చేస్తామనే ప్రోగ్రామ్ ఒకటి డబ్బులు కట్టి దింపుకున్నాడు. ఏదీ పనిచేయలేదు. ఇలాంటివి చూసి చూసి నాకొక నమ్మకం ఏర్పడింది: ఊడిపోయే జబ్బుకి ముందు చేయాల్సింది కొనడమూ కాదు, చెరిపి మళ్లీ వేయడమూ కాదు. ఎప్పుడు ఊడుతోందో టైం రాసుకోవడం. హైదరాబాద్‌లో నేను చేసేది ఐటీ సపోర్ట్ ఉద్యోగం, ఈ పని చేయబట్టి పదకొండేళ్లయింది. 'ఎప్పుడు పడితే అప్పుడు ఊడిపోతోంది సార్' అని వచ్చిన కేసుల్లో ఎక్కువ భాగం, టైం రాసుకుంటే ఎప్పుడు పడితే అప్పుడు కాదు.

ముందు ఒకే ఒక్క ప్రశ్న అడిగాను. "అన్నా, థంబ్ మిషన్ ఊడినప్పుడు మౌస్ కూడా ఆగుతుందా?"

"ఆగినట్టే అనిపిస్తది గానీ, జనం మీద ఉంటే నేనేం పట్టించుకోలే తమ్మీ."

సరే అని ఇద్దరం మౌస్ కింద లైటు చూస్తూ కూర్చున్నాం. తర్వాతి మనిషి వేలు పెట్టగానే మిషన్ ఆరింది, దాంతోపాటు మౌస్ లైటూ ఆరింది, ఒక క్షణం తర్వాత రెండూ వెలిగాయి. దీంతో సగం పని అయిపోయింది. ఒక్క వస్తువే ఊడుతుంటే ఆ వస్తువునో దాని కేబుల్‌నో దాని డ్రైవర్‌నో అనుమానించాలి. రెండు మూడు కలిసి ఊడుతుంటే అవన్నీ కలిసే చోటుని అనుమానించాలి. మౌస్, థంబ్ మిషన్, వెబ్‌క్యామ్, కస్టమర్ల పెన్‌డ్రైవ్‌లు, నాలుగూ కలిసేది టేబుల్ మీద టేపు వేసి అంటించిన హబ్ దగ్గర, అంటే ఒక్క యూఎస్‌బీ పోర్టుని నాలుగు చేసే డబ్బా దగ్గర.

అప్పటికప్పుడు హబ్ తీసేసి ఉండొచ్చు. తీయలేదు, ఒక్క రోజు ఓపిక పట్టమన్నాను. షాపులో పాత అకౌంట్ నోట్‌బుక్ ఉంటే దాంట్లో మూడు గళ్లు గీశాం: టైం, ఏమేం ఊడాయి, అప్పుడు షాపులో ఏం జరుగుతోంది. మనం చూడనప్పుడు ఊడినవి పట్టుకోడానికి విండోస్‌లోనే దారి ఉంది. కంప్యూటర్‌కి తగిలించినవన్నీ చూపించే డివైస్ మేనేజర్‌లో ఆ వస్తువు మీద రెండుసార్లు నొక్కితే ఈవెంట్స్ అని ఒక ట్యాబ్ ఉంటుంది, కొంత అక్కడ తెలుస్తుంది. నాకైతే నిర్‌సాఫ్ట్ వాళ్ల యూఎస్‌బీడివ్యూ అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్ అలవాటు, ఏ వస్తువు చివరిసారి ఎప్పుడు తగిలిందో ఎప్పుడు ఊడిందో వరసగా చూపిస్తుంది. లైనక్స్ వాడేవాళ్లకి ఇంకా సులువు, టెర్మినల్‌లో డీమెసేజ్ ఆదేశాన్ని డబ్ల్యూ ఆప్షన్‌తో (dmesg -w) తెరిచి పెట్టుకుంటే ఊడిన ప్రతిసారీ అక్కడికక్కడే ఒక లైను పడుతుంది, దాంట్లో ఓవర్ కరెంట్ అన్న మాట కనపడిందంటే ఇక వేరే అనుమానాలు పక్కన పెట్టి కరెంటు సంగతి చూసుకోవచ్చు. మైనస్ 71 అని ఎర్రర్ వస్తే సిగ్నల్ దారిలో చెడిపోతోందని, అంటే చాలాసార్లు కేబుల్ గానీ పోర్టు గానీ.

ఆ రోజు సాయంత్రానికి నోట్‌బుక్‌లో ఇరవై ఏడు లైన్లు పడ్డాయి. చదివితే మూడు రకాలుగా విడిపోయాయి. ఎక్కువ భాగం సరిగ్గా వేలు పెట్టిన క్షణంలో. కొన్ని భోజనం అయ్యాక మొదటి మనిషి కూర్చున్నప్పుడు, పొద్దున మొదటి మనిషికి కూడా. నాలుగు మాత్రం ఎవరూ దేన్నీ ముట్టుకోనప్పుడు. అంటే జబ్బు ఒకటి కాదు, మూడు. మూడూ ఒకే శబ్దం చేస్తున్నాయి కాబట్టి అన్న ఒక్కటే అనుకున్నాడు, ఒకదానికి మందు వేస్తే మిగతా రెండూ ఉండిపోయేవి కాబట్టి ఏదీ పనిచేయలేదనుకున్నాడు.

మొదటిది కరెంటు. యూఎస్‌బీ 2.0 పోర్టు ఒక వస్తువుకి ఇవ్వాల్సింది 5 వోల్టుల దగ్గర 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 పోర్టు అయితే 900. విడిగా అడాప్టర్ లేని హబ్ ఏం చేస్తుందంటే ఆ ఒక్క పోర్టు నుంచి వచ్చిన 500నే అందరికీ పంచుతుంది, తన ఖర్చు తీసుకుని ఒక్కో పోర్టుకి 100 మాత్రమే ఖాయంగా ఇస్తానని లెక్క. ఒకే కుళాయికి నాలుగిళ్ల పైపులు కలిపితే ఎలా ఉంటుందో అలా. మౌస్‌కి 100 చాలు. వేలిముద్ర మిషన్ ఖాళీగా ఉన్నంతసేపు దానికీ చాలు. కానీ వేలు పెట్టగానే లోపలి లైట్లు వెలగాలి, కెమెరా ముద్ర తీయాలి, సరిగ్గా ఆ క్షణంలోనే అది ఎక్కువ లాగుతుంది, వోల్టేజీ పడిపోతుంది, హబ్ మొత్తం ఒకసారి కుప్పకూలి మళ్లీ లేస్తుంది. ఖాళీగా ఉన్నప్పుడు ఎంతసేపు చూసినా బాగానే ఉంటుంది. తాత వేలు పెట్టినప్పుడే ఎందుకు ఊడిందో ఇదే.

దీనికి తోడు హబ్‌కీ సీపీయూకీ మధ్య సన్నటి ఎక్స్‌టెన్షన్ కేబుల్ ఒకటి. కేబుల్ సన్నం లావు ఎందుకు పట్టించుకోవాలో ఒక్క లెక్క చెబుతాను. చౌక కేబుళ్లలో కరెంటు తీగలు 28 గేజ్ ఉంటాయి. ఆ తీగ మీటరుకి 0.21 ఓమ్‌ల పైచిలుకు. మీటరున్నర కేబుల్ అంటే పోయేది మీటరున్నర, తిరిగొచ్చేది మీటరున్నర, మొత్తం 0.64 ఓమ్‌లు. దాంట్లో 500 మిల్లీ ఆంపియర్లు పోతే తీగలోనే 0.32 వోల్టు మాయమవుతుంది. అదే 24 గేజ్ తీగ అయితే 0.13 వోల్టు దగ్గర ఆగుతుంది. 5 వోల్టుల్లో ఇది ఎంతలే అనిపిస్తుంది, కానీ పోర్టు దగ్గరే 4.8 ఉండి, మధ్యలో హబ్ ఇంకొంచెం తిని, చివరికి మిషన్ దగ్గరికి చేరేది ఎంతో ఆలోచించండి. గేజ్ నంబరు తగ్గేకొద్దీ తీగ లావు అవుతుంది, ఇది గుర్తు పెట్టుకుంటే చాలు. మంచి కేబుళ్ల మీద సన్న అక్షరాలతో 28 స్లాష్ 24 అని రాసి ఉంటుంది, మొదటిది సిగ్నల్ తీగది, రెండోది కరెంటు తీగది.

హబ్ తీసేశాం. థంబ్ మిషన్‌ని దాని సొంత కేబుల్‌తోనే సీపీయూ వెనక పోర్టుకి పెట్టాం. ముందు పోర్టు దగ్గరగా ఉంది కదా అన్నాడు అన్న. ముందు పోర్టులు మదర్‌బోర్డు మీద ఉండవు, క్యాబినెట్ లోపల ఒక వైరు వాటిని బోర్డుకి కలుపుతుంది, 2.0కి తొమ్మిది పిన్నులది, 3.0కి పంతొమ్మిది పిన్నులది. ఆ వైరు ఎలాంటిదో మనకి తెలీదు. వెనక పోర్టులు నేరుగా బోర్డుకే అతికి ఉంటాయి. ఊడిపోయే గొడవ ఏది వచ్చినా నేను మొదట వస్తువుని వెనక పోర్టుకి మారుస్తాను, కొన్నిసార్లు అంతటితోనే అయిపోతుంది.

ముందు పోర్టు గురించి ఇంకో సంగతి ఉంది, నెట్ సెంటర్ నడిపేవాళ్లు తప్పక తెలుసుకోవాలి. మామూలు యూఎస్‌బీ ఏ పోర్టుకి ప్రమాణంలో రాసిన ఆయుష్షు 1,500 సార్లు తగిలించి తీయడం. ఇంట్లో అయితే అది ఏళ్లకి ఏళ్లు వస్తుంది. ప్రింటవుట్‌ల కోసం రోజుకి ఇరవై పెన్‌డ్రైవ్‌లు పెట్టి తీసే షాపులో 75 రోజులు. ఆ తర్వాత వెంటనే పాడైపోతుందని కాదు, కానీ లోపలి రేకులు వదులై, టేబుల్ కదిలినా కేబుల్‌కి చెయ్యి తగిలినా ఊడిపోయే స్థితికి వస్తుంది. అన్న షాపులో ముందున్న రెండు పోర్టుల్లో ఒకదాంట్లో పెన్‌డ్రైవ్ పెట్టి వదిలితే తల కిందికి వాలిపోతోంది. అందుకని ఒక అడుగు పొడవున్న లావు ఎక్స్‌టెన్షన్ ఒకటి తెచ్చి పెన్‌డ్రైవ్‌లకి దాన్నే వాడమన్నాను. అరిగితే అది అరుగుతుంది, వంద రూపాయలు పెట్టి మార్చుకోవచ్చు, మదర్‌బోర్డు జోలికి పోనక్కర్లేదు.

మర్నాడు ఇరవై ఏడు కాస్తా ఏడుకి దిగింది. వేలు పెట్టినప్పుడు ఊడటం పూర్తిగా ఆగిపోయింది. అన్న ముఖంలో టెన్షన్ సగం పోయింది గానీ, నాకు ఆ ఏడూ కావాలి.

రెండోది విండోస్ చేసే పని. కరెంటు ఆదా చేద్దామని, కాసేపు ఎవరూ వాడని వస్తువుని నిద్రపుచ్చుతుంది. కొన్ని వస్తువులు చక్కగా లేస్తాయి, కొన్ని లేవలేక ఊడిపోయి మళ్లీ తగులుకుంటాయి. భోజనం తర్వాతా, పొద్దున్నా మొదటి మనిషికే ఎందుకు జరుగుతోందో అర్థమైంది కదా. దీనికి రెండు చోట్ల మార్చాలి. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్లి, ప్లాన్ సెట్టింగ్స్ మార్చే చోట అడ్వాన్స్‌డ్ తెరిస్తే యూఎస్‌బీ సెట్టింగ్స్ కింద సెలెక్టివ్ సస్పెండ్ అని ఉంటుంది, దాన్ని డిజేబుల్ చేయాలి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో అది కనపడదు, కంగారు పడొద్దు. తర్వాత డివైస్ మేనేజర్‌లో అన్నిటికంటే కింద ఉండే యూఎస్‌బీ కంట్రోలర్ల జాబితా తెరిచి, యూఎస్‌బీ రూట్ హబ్ (టేబుల్ మీది డబ్బా కాదు, కంప్యూటర్ లోపలిది) అని ఉన్న ప్రతిదాని మీదా రెండుసార్లు నొక్కి, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో 'కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపేయడానికి కంప్యూటర్‌కి అనుమతి' అనే అర్థం వచ్చే గడిలో టిక్కు తీసేయాలి. ఒక్క రూట్ హబ్‌కి తీసి మిగతావి మర్చిపోతారు చాలామంది, అన్నిటికీ తీయండి. విండోస్ పెద్ద అప్‌డేట్ వచ్చిన రోజు మళ్లీ ఒకసారి వచ్చి చూసుకోండి. బ్యాటరీ మీద నడిచే ల్యాప్‌టాప్‌కి ఇలా చేస్తే ఛార్జింగ్ కొంచెం తొందరగా దిగుతుంది, షాపులో ఉండే డెస్క్‌టాప్‌కి ఆ బాధే లేదు. లైనక్స్‌లో ఇదే పని ఆటోసస్పెండ్ పేరుతో జరుగుతుంది, రెండు సెకన్లు ఊరుకుంటే నిద్రపుచ్చడం దాని మామూలు లెక్క, విలువ మైనస్ ఒకటి అని పెడితే ఆగిపోతుంది.

ఇంకోటి కూడా ఇక్కడే చెప్పాలి, వేలిముద్ర మిషన్లకి మాత్రమే వర్తించేది. మిషన్ ఊడి మళ్లీ తగిలినా, బ్రౌజర్‌కీ మిషన్‌కీ మధ్య మాట్లాడే ఆర్‌డీ సర్వీస్ ఒక్కోసారి పాత మిషన్ కోసమే చూస్తూ ఉండిపోతుంది. అది కంప్యూటర్ లోపలే 11100 నుంచి 11120 దాకా ఉన్న పోర్టు నంబర్లలో ఒకదాని మీద కూర్చుని ఉంటుంది, వెబ్‌సైట్ ఆ నంబర్లన్నీ ఒక్కొక్కటీ తట్టి చూసి దాన్ని వెతుక్కుంటుంది. అందుకే శబ్దం వచ్చింది కదా, తగిలింది కదా అని వెంటనే వేలు పెట్టిస్తే మళ్లీ 720 వస్తుంది. సర్వీసెస్ జాబితాలో దాన్ని ఒకసారి రీస్టార్ట్ చేసి, మిషన్ రెడీ అన్న సందేశం కింద మూలన కనపడ్డాకే మనిషిని పిలవండి. పెద్దవాళ్లని కూర్చోబెట్టి ఈ ప్రయోగాలు చేయొద్దు, ముందు మీ వేలు పెట్టి చూసుకోండి.

మూడోది పట్టుకోడానికి రెండు రోజులు పట్టింది. ఎవరూ ముట్టుకోనప్పుడు ఊడిన నాలుగు లైన్లకీ ఎదురుగా అన్న అక్షరాల్లో 'ఏం లేదు, జిరాక్స్ తీస్తున్న' అని ఉంది, నాలుగింటికీ అదే. జిరాక్స్ తీయడం షాపులో రోజంతా జరిగే పని కాబట్టి అది కారణం అని అనిపించదు. మళ్లీ చూస్తే తేడా దొరికింది: కాసేపు ఖాళీగా ఉండి, మళ్లీ మొదటి కాపీ తీసినప్పుడు మాత్రమే. జిరాక్స్ మిషన్ లోపల పౌడర్‌ని కాగితానికి కరిగించి అతికించే హీటర్ ఉంటుంది, చల్లారిన హీటర్ మళ్లీ వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా గట్టిగా లాగుతుంది. గోడ మీద ట్యూబ్‌లైట్ అదే క్షణంలో కొంచెం మసకబారడం, ఒకసారి చూశాక ఇక ప్రతిసారీ కనపడింది. సీపీయూ, మానిటర్, జిరాక్స్, లామినేషన్ మిషన్, అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సులో.

ఎలక్ట్రీషియన్ బాబాయిని పిలిచాం. ఆయన హోల్డర్‌కి బల్బు, రెండు వైర్లు పట్టుకొచ్చి ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య పెడితే బల్బు బాగా వెలిగింది, ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య పెడితే గుడ్డిగా నారింజ రంగులో ఆగిపోయింది. (ఇది తెలిసినవాళ్లే చేయాలి, దయచేసి మీరు ప్రయత్నించొద్దు.) బోర్డులో మూడు రంధ్రాలూ ఉన్నాయి, ఎర్త్ మాత్రం పేరుకే ఉంది. వెనక సందులో ఎర్త్ గుంత దగ్గరికి పోయి చూస్తే నట్టు తుప్పు పట్టి తీగ వేలాడుతోంది, గుంతలో మట్టి రాయిలా ఎండిపోయి ఉంది. "ఉప్పు, బొగ్గు ఏస్తే సరిపోదురా, ఎండాకాలం బిందెడు నీళ్లన్నా పొయ్యాలె గదా" అన్నాడు బాబాయి. ఎర్త్ లేనప్పుడు జరిగేదేమిటంటే, జిరాక్స్ మిషన్‌లోంచి ఎర్త్‌లోకి పోవాల్సిన కరెంటు అల్లరంతా దాన్నుంచి సీపీయూకి వచ్చిన యూఎస్‌బీ కేబుల్ గ్రౌండ్ తీగనే దారిగా చేసుకుంటుంది, అటు నుంచి పక్క పోర్టుల మీద పడుతుంది. కంప్యూటర్ ముట్టుకుంటే సన్నగా జిల్లుమంటోందని అన్న ఎన్నాళ్లుగానో చెబుతూనే ఉన్నాడట, ఇనప క్యాబినెట్లు అంతేలే అని సరిపెట్టుకున్నాడు. అంతే కాదు. మీ కంప్యూటర్ జిల్లుమంటుంటే యూఎస్‌బీ గొడవ సంగతి తర్వాత, ముందు ఎర్తింగ్ చూపించుకోండి, అది ప్రాణానికి సంబంధించింది. మూడు పిన్నుల ప్లగ్గుని రెండు రంధ్రాల్లో పట్టించడానికి వాడే అడాప్టర్లు కూడా తీసి పారేయండి.

కొత్త నట్టు, కొత్త తీగ, గుంతకి నీళ్లు, జిరాక్స్‌కి విడిగా ఒక ప్లగ్గు పాయింట్. బాబాయి కూలీతో కలిపి అయిన ఖర్చు, అన్న అనవసరంగా కొన్న రెండో థంబ్ మిషన్ కంటే తక్కువ.

ఇలా బయటి నుంచి వచ్చే అల్లరితో ఊడిపోవడం మన వైరింగులకే అనుకోకండి. డాలస్‌లో ఉండే నా ఫ్రెండ్‌కి ఇంట్లో పనిచేసేటప్పుడు కుర్చీలోంచి లేచినప్పుడల్లా మానిటర్ ఒక క్షణం నల్లబడి, డాక్‌కి (ల్యాప్‌టాప్‌కి మానిటర్, మౌస్ లాంటివన్నీ ఒకేచోట కలిపే డబ్బా) తగిలించినవన్నీ ఊడి మళ్లీ వచ్చేవి. నేను నమ్మలేదు, వీడియో కాల్‌లో లేచి చూపించాడు. గ్యాస్ లిఫ్ట్ కుర్చీల్లో మనం లేచినప్పుడు పుట్టే స్టాటిక్ తళుకుమని సిగ్నల్‌లా బయటికి కొడుతుంది, బయటి అల్లరిని ఆపే పొర, అంటే షీల్డింగ్, సరిగ్గా లేని వీడియో కేబుల్ దాన్ని పట్టుకుంటుంది. ఇలాంటి డాక్‌లలో వాడే చిప్పుల డిస్‌ప్లేలింక్ కంపెనీ దీన్ని తమ సహాయ పేజీలోనే రాసింది. చలికాలం, హీటర్ వేసిన గది, పొడి గాలి, కింద కార్పెట్. కేబుల్ మార్చాడు, పోయింది.

వైర్‌లెస్ మౌస్, కీబోర్డు ఆగి ఆగి నడిచేవాళ్లకి వేరే సంగతి. వాటి చిన్న రిసీవర్ 2.4 గిగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. యూఎస్‌బీ 3.0 పోర్టు, దానికి తగిలించిన హార్డ్ డిస్కు పనిచేసేటప్పుడు సరిగ్గా ఆ పట్టీలోనే రేడియో గోల పుట్టిస్తాయని ఇంటెల్ 2012లోనే ఒక పత్రం వేసి వివరంగా చూపించింది. పక్క పక్క పోర్టుల్లో డిస్కూ రిసీవరూ పెడితే, ఫైళ్లు కాపీ అవుతున్నంతసేపు మౌస్ తడబడుతుంది. ఇక్కడ మౌస్ ఊడట్లేదు, వినపడట్లేదు అంతే, అందుకే ఆ దిగే శబ్దం కూడా రాదు. శబ్దం వస్తోందా రావట్లేదా అన్నది గమనించండి, అదే తేడా చెబుతుంది. రిసీవర్‌ని చిన్న ఎక్స్‌టెన్షన్ మీద రెండు మూడు అడుగులు దూరం జరిపితే చాలు.

మదర్‌బోర్డు వైపు తప్పే ఉండదని కూడా అనను. 2021 ఫిబ్రవరిలో ఏఎమ్‌డీ సంస్థే 500 సిరీస్ చిప్‌సెట్ బోర్డుల మీద యూఎస్‌బీ ఉండుండి ఊడిపోతోందని ఒప్పుకుని వాడేవాళ్లని వివరాలు అడిగింది, ఆ తర్వాత ఏజీసా 1.2.0.2 అనే మార్పుతో బయోస్ (మదర్‌బోర్డులోనే ఉండే మూల ప్రోగ్రామ్) అప్‌డేట్లు వచ్చాయి. ఆ తరం బోర్డు వాడుతూ ఇప్పటికీ బయోస్ మార్చనివాళ్లు ఉంటే మార్చండి. కానీ నా వరసలో బయోస్ చివర వస్తుంది. మా ఊళ్లలో బయోస్ మారుస్తుండగా మధ్యలో కరెంటు పోయిందంటే బోర్డే పోతుంది కాబట్టి, యూపీఎస్ ఉన్న చోటే ఆ పని.

ఒకసారికి ఒక్క మార్పే చేయాలని అన్నకి మళ్లీ మళ్లీ చెప్పాల్సి వచ్చింది. బెంచీ మీద జనం ఉంటే మనిషికి అన్నీ ఒకేసారి పీకి మార్చేయాలనిపిస్తుంది, నాకు అర్థమవుతుంది. కానీ హబ్, పవర్ సెట్టింగు, ఎర్తింగ్ మూడూ ఒకే రోజు మార్చి ఉంటే, రెండు నెలల తర్వాత మళ్లీ ఊడితే మూడింట్లో ఏది వదులైందో తెలిసేది కాదు.

ఆ తాత నాలుగు రోజుల తర్వాత మళ్లీ వచ్చాడు. ఈసారి మిషన్ ఊడలేదు. కానీ 300 వచ్చింది, అంటే ఆ బొటనవేలు నిజంగానే అరిగి ఉంది, ఆయన చెప్పింది కూడా అబద్ధం కాదు. ఎడమ చేతి ఉంగరం వేలు పెట్టించాం, మొదటిసారికే పడింది. ప్రింటు తీసి ఇస్తే నాలుగుగా మడిచి చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు. ఏ వేలూ పడకపోయి ఉంటే ఫోన్‌లో ముఖం చూపించి చేసే పద్ధతి ఉంది, 2021 నవంబర్ నుంచి జీవన్ ప్రమాణ్‌కి అది పనికొస్తోంది. అన్న ఇప్పుడు ముందు మూడు వేళ్లు ప్రయత్నించి, తర్వాత దానికి పోతున్నాడు.

నోట్‌బుక్ ఇంకా సీపీయూ పక్కన మేకుకి వేలాడుతోంది. నేను వచ్చేశాక అన్న ఫోటో తీసి పంపించిన చివరి లైను ఇది: డిసెంబర్ 9, మధ్యాహ్నం 3.20, వెబ్‌క్యామ్ ఒక్కటే ఊడింది, పిల్లోడు కేబుల్ తొక్కిండు.